పదహారున్నర

కుర్చీ లేదు బాబూ, ఆ బోర్లించిన పడవ మీద కూచో.
లీమా నుంచి రాత్రంతా బస్సులో వచ్చావు, సరే,
నోటుపుస్తకాలు ఎక్కడికీ పోవు.
ముందు బకెట్ వెయ్యాలి. ఆరున్నర అయింది.

జెట్టీ చివర, ఈ మేకు దగ్గరే వెయ్యాలి.
మా తాత కసిమీరో కొట్టిన మేకు.
ఊఁ, వేలు పెట్టి చూడు.
ఒణికావు కదా!
భూమధ్యరేఖ ఇంత దగ్గర్లో ఉండీ
సముద్రం ఇలా ఎందుకు కొరుకుతుందో
నీకు కాలేజీలో చెప్పే ఉంటారు.
నాకు తాత పాలగిన్నెతో చెప్పాడు.

కాచిన మేకపాలు. పైన మీగడ.
గిన్నె అంచుకి మూతి ఆనించి ఊదాడు.
మీగడ ముడతలు పడుతూ అవతలి అంచుకి పోయింది.
"చూశావా, అడుగు పాలు పైకొచ్చాయి.
మన గాలి పొద్దస్తమానం చేసేది ఇదే."

అంత సులువు కాదని తర్వాత తెలిసింది.
గాలి ఒడ్డు వెంబడి ఉత్తరానికి తోస్తుంది,
నీళ్ళు దాని మాట సగమే వింటాయి.
భూమి తిరుగుతోందిగా,
ఎడమకి జారి పడమటికి నడుస్తాయి.
ఆ ఖాళీలోకి
ఏళ్ళ తరబడి ఎండ మొహం చూడని నీరు లేస్తుంది,
కింద కుళ్ళిన సారమంతా మోసుకుని.
అది తిని నాచు, నాచు తిని నెత్తళ్ళు,
నెత్తళ్ళు తిని గూడబాతులూ మేమూ.
మా అమ్మ పెళ్ళి, నా చదువు, ఈ రేకుల కప్పు
అంతా ఆ చలువే.

గాలి అలిసిపోయిన ఏడు నాకు పదకొండేళ్ళు.
జెండా గుడ్డ కర్రకి అతుక్కుపోయింది.
ఇన్నాళ్ళూ పడమట పోగేసిన వెచ్చని నీళ్ళు
బాకీ వసూలుకి వచ్చినట్టు వెనక్కొచ్చాయి.
పద్దెనిమిది. ఇరవై రెండు. ఇరవై ఏడు.
థర్మామీటరు చెడిందని తాత ఇంకోటి తెచ్చాడు.
అదీ ఇరవై ఏడే అంది.
గూడబాతులు బజారులో నడుచుకుంటూ వచ్చి
ఖాళీ గంపల ముందు నిలబడ్డాయి.
ఎడారిలో వాన పడింది.
సెచూరా ఇసక మీద చెరువు నిండితే
నాన్న వల తీసుకుని
సముద్రానికి వీపు తిప్పి అటు నడిచాడు.

అది ఒక ఏటి సంగతి. నువ్వడిగేది దశాబ్దాల లెక్క.
ఇది తాత పద్దు, ఇది అమ్మది, మిగతావి నావి.
ఈ మధ్యలో చెదలు తిన్న ఏడు నెలలు లేవు.
లోకమంతా కాగుతోందట,
ఈ బకెట్ మాత్రం ముప్పై ఏళ్ళలో
అర డిగ్రీ కిందికే దిగింది.
"తప్పు రాశావేమో హెర్మెలిందా"
అన్నాడు మీలాంటి పెద్దమనిషి ఒకాయన.
గాలి జోరెక్కిందయ్యా, నమ్మకపోతే
ఏడాదికి నావి ఎన్ని టోపీలు
సముద్రంలో కలుస్తున్నాయో లెక్కెట్టు, అన్నాను.

ఒక్క తప్పు మాత్రం ఉంది, రాసుకో.
తాతది కాన్వాసు బకెట్.
పైకి లాగే లోపే గాలి తగిలి
కొత్త కుండలా చల్లబడేది.
నాది ప్లాస్టిక్కు.
ఆయన అంకెలకి కొంచెం కలపాలి.
ఆ కొంచెం ఎంత అని
ఆయన బతికుండగా అడగలేదు నేను.

ఇకమీద వెచ్చబడుతుందా అంటావా?
మనుషుల్ని గాలివాటం అని తిడతాం,
ఇక్కడ సముద్రమే గాలివాటం.
లోకం దాచిన వేడి ఎక్కడికీ పోలేదులే,
అటకెక్కించిన సామాను లాగా
కిందెక్కడో, పడమటెక్కడో ఉంది.
గాలి మళ్ళీ కూలబడిన రోజున
ఎంత దిగుతుందో నాకెలా తెలుస్తుంది?
రాత్రుళ్ళు రేకు చప్పుడు ఆగితే
మెలకువ వచ్చేస్తుంది నాకు.

వంద లెక్కపెట్టేశాను. నీవి చిన్న కళ్ళు, నువ్వు చూడు.
నిన్న పదహారున్నర.
అలా పైనుంచి కాదు, వంగు,
గీతకి సమంగా కన్ను పెట్టు.
పదహారు పాయింట్ నాలుగా? సరిగ్గా చూశావా?
రాయి. పెన్ను వద్దు, తడికి పాకుతుంది.
పెన్సిల్ నా చెవి మీద ఉంది, తీసుకో.